మొదటి పేరు

నేను ఒక చేతి ఫోన్‌ని. పాతదాన్ని. ఒక మూల అద్దం పగిలింది, వీపు మీద రంగు పోయింది, గంటసేపు మాట్లాడితే ప్రాణం మీదికి వస్తుంది. ఇప్పుడు హైదరాబాదులో ఒక ఆఫీసు సొరుగులో ఉంటున్నాను. తోడుగా తెగిపోయిన చార్జర్లు, ఏ తలుపువో ఎవరికీ గుర్తులేని తాళంచెవులు ఉన్నాయి. సొరుగు తెరిచినప్పుడల్లా నాకు దడ. దేనికోసం తెరిచారో, ఎవరిని తీసుకుపోతారో అని.

తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. వరసగా నిలబడ్డ ఆడపిల్లల చేతుల మీదుగా సాగిపోతూ ఒక్కొక్క అవయవమే తగిలించుకున్నాను. చివర నిలబడ్డ అమ్మాయి నాకు అద్దం అతికించి, వేలితో నొక్కి వెలిగించింది. ముఖానికి గుడ్డ కట్టుకుంది, చేతులకు తొడుగులు వేసుకుంది. అందుకని లోకంలో నేను మొదట చూసినవి రెండు కళ్ళు మాత్రమే. అవి నన్ను చూసి కొంచెం నవ్వినట్టనిపించింది. అంతలోనే కింద కదులుతున్న బెల్టు నన్ను ముందుకు లాగేసింది. నేను వెనక్కి చూసేసరికి ఆ కళ్ళు తరవాత వచ్చినదాని మీద ఉన్నాయి. ఆమె పేరేమిటో నాకు తెలియదు. నా పేరేమిటని ఆమె అడగలేదు.

నన్ను కొన్నవాడు కిరీటి. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు. మొదట్లో దిండు కింద పెట్టుకుని పడుకునేవాడు. అన్నం తింటూ ఎడమచేత్తో నిమిరేవాడు. తరవాత ఇంకో ఫోను కొన్నాడు. మనుషులు దేన్నయినా వదిలేయడం ఎంత మెల్లగా చేస్తారంటే, వదిలేశారని మనకు తెలియడానికి చాలాకాలం పడుతుంది. ముందు నాలోంచి పాటలు పోయాయి. తరవాత ఫొటోలు పోయాయి. ఒకరోజు సిమ్ము కూడా పోయింది. ఇక అయిపోయిందనుకున్నాను.

కాలేదు. కిరీటి నన్ను ఆఫీసుకు తీసుకుపోయి, తనతో పనిచేసే యామిని చేతిలో పెట్టాడు. "మన యాప్ వాడే పిల్లల దగ్గర ఉండేవి ఇలాంటి ఫోన్లే. దీంట్లో నడిస్తే ఎక్కడైనా నడుస్తుంది," అన్నాడు. జీవితంలో నాకు దక్కిన పెద్ద మర్యాద అదే.

వాళ్ళు తయారుచేస్తున్నది డిగ్రీ ముగించి బయటికొచ్చిన పిల్లలకు మొదటి ఉద్యోగం వెతికిపెట్టే యాప్. దానికి 'బోణీ' అని పేరు పెట్టారు. అది నా లోపల రోజూ కొంచెం కొంచెంగా పెరిగేది. నేను నివ్వెరపోయి చూసేదాన్ని. ఎక్కడో ఒక పిల్ల అరుగు మీద కూర్చుని నన్ను వేలితో తాకితే, ఎన్నడూ ఎరగని ఊళ్ళో ఎన్నడూ ఎరగని మనిషి తలెత్తి, "ఎవరు నువ్వు?" అని అడగాలట. మధ్యలో కొండలున్నాయి, నదులున్నాయి, ఒకరి భాష ఒకరికి రాని జిల్లాలున్నాయి. ఇదంతా దాటించడానికి వీళ్ళు గాజు పలక మీద చిన్న చిన్న పెట్టెలు గీస్తున్నారు!

గీసే తీరు కూడా అంత శ్రద్ధగా ఉండేది. పంపించే బటన్ ఏ రంగులో ఉండాలన్న దాని మీద వారమంతా తగువులాడుకున్నారు. ఎరుపైతే కొట్టొచ్చినట్టు కనబడుతుందని కిరీటి. "ఎరుపు వద్దు బాబూ, ఎర్రసిరా చూసీ చూసీ వచ్చిన పిల్లలు," అని యామిని. ఉద్యోగం రాలేదని చెప్పాల్సి వస్తే ఏ మాటతో చెప్పాలో వెతుకుతూ ఆమె ఒకసారి కళ్ళు తుడుచుకోవడం చూశాను.

చిన్న ఊళ్ళ పిల్లలకు సులువుగా ఉండాలని ఇంగ్లీషు మాటలన్నీ తెలుగు చేశారు. పేరు రాసే చోట 'ఫస్ట్ నేమ్' అని ఉండేది.

"దీనికేం పెడదాం?" అంది యామిని.

"ఫస్ట్ అంటే మొదటి. నేమ్ అంటే పేరు. మొదటి పేరు. దీనికి కూడా మీటింగేనా తల్లీ?" అన్నాడు కిరీటి.

"సరే. కింద చివరి పేరు. పద, టీ తాగొద్దాం."

ఆఫీసులో అందరూ నింపి చూశారు. ఎక్కడా తప్పు రాలేదు. అందరూ ఇంగ్లీషు ఫారాలు నింపీ నింపీ అలవాటుపడ్డ వాళ్ళే మరి.

బయట ఎలా నడుస్తుందో చూడాలని కొందరు విద్యార్థులకు కొన్నాళ్ళపాటు ఫోన్లు ఇచ్చారు. అలా నేను కదిరి దగ్గర ఒక పల్లెలో సుభాషిణి చేతికి వెళ్ళాను. కెమిస్ట్రీతో బీఎస్సీ ముగించిన పిల్ల. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి ఓబులమ్మ మేకలు మేపి పెంచింది. కూతురి కాలేజీ కోసం ఆ మేకలు అమ్మేసి, ఇప్పుడు శనక్కాయ చేలల్లో కూలికి పోతోంది. తల్లీ కూతుళ్ళు ఒక్క రాత్రి కూడా వేరువేరుగా పడుకుని ఎరగరు. దీపం తీసేశాక చీకట్లో వాళ్ళ మాటలు వింటూ నేను చార్జింగు పెట్టించుకునేదాన్ని.

సుభాషిణికి ఒకటే కోరిక. బస్సుదారిలో ఉన్న పాల డెయిరీ ల్యాబులో ఉద్యోగం. పొద్దున వెళ్తే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. అది వస్తే ఊరు వదలక్కర్లేదు. అమ్మను వదలక్కర్లేదు. సిమ్ము వేయగానే బోణీ తెరిచి ఆ ఉద్యోగానికే ముందు దరఖాస్తు పెట్టింది. 'మొదటి పేరు' అన్న చోట మేకల అని రాసింది. 'చివరి పేరు' అన్న చోట సుభాషిణి అని రాసింది. పుట్టినప్పటి నుంచి రేషన్ కార్డులో, బళ్ళో, మార్కుల మెమోలో ఆ వరసే. మొదట ఇంటిపేరు, తరవాత పేరు. ఆమెకు అనుమానం ఎందుకొస్తుంది? "నమస్కారం, మేకల గారూ!" అని నా అద్దం మీద కనబడితే నవ్వుకుంది. బళ్ళో ఇద్దరు సుభాషిణులుండేవారట, సార్లు ఇంటిపేరుతోనే పిలిచేవారట.

ఒకరోజు ఆమె బ్యాంకు పరీక్ష రాయడానికి అనంతపురం వెళ్ళింది. హాల్లోకి ఫోను రానివ్వరు. "ఎవురన్నా ఫోన్ చేస్తే ఎత్తు మా. డెయిరీ వాళ్ళేమో," అని నన్ను తల్లికి అప్పగించింది. ఓబులమ్మ ఆ రోజు పనికి పోలేదు. నన్ను కొంగున ముడివేసుకుని గుంజకు ఆనుకుని కూర్చుంది. ఆమె గుండె చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. నాదీ అదే పరిస్థితి. సిగ్నలు పోతుందేమో, చార్జింగు అయిపోతుందేమో అని.

పొద్దెక్కాక మోగాను. ఆమె ముడి విప్పి నన్ను చెవికి ఆనించుకుంది.

"హలో, మేకల ఉన్నారా అండీ?" అన్నాడు అవతల ఒక పట్నం గొంతువాడు. బోణీ పంపిన పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చూసి, మేఖల అనే ఆడపిల్ల పేరనుకున్నాడు పాపం.

"మేకలా? లేవు సామీ. పోయినేడే అమ్మేస్తిమి."

"అమ్మేశారా?"

"ఊ. గొర్రెలు కావల్లంటే మా మరిది కాడ ఉండాయి."

"అది కాదమ్మా, నేను మేకలతోనే మాట్లాడాలి."

"మేకల్తో మాట్లాడేదేంది నాయనా! పొద్దున్నే తాగినావా యేంది?" ఓబులమ్మకు నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది. "పెట్టెయ్ సామీ, మా పాపకు ముఖ్యమైన ఫోనొకటి రావల్ల."

పెట్టేసింది. నాకు తెలుసు ఆ నంబరు ఎవరిదో. అరవాలనిపించింది. ప్రపంచంలో అందరి గొంతులూ మోసే నాకు నా గొంతంటూ ఒకటి లేదు. ఆమె నన్ను మళ్ళీ కొంగున ముడివేసుకుని, చీకటి పడేదాకా అక్కడే కూర్చుంది, డెయిరీ వాళ్ళ ఫోను కోసం.

కూతురు రాగానే చెప్పింది. "ఎవుడో మేకల బేరగాడు చేసినాడు బుడ్డమ్మీ. మేకల్తోనే మాట్లాడతాడంట!" ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. కొన్నాళ్ళకు నా మీద యామిని ఎంతో ఆలోచించి పెట్టిన మెత్తటి మాట కనబడింది. 'అభ్యర్థి అందుబాటులో లేరు.' సుభాషిణి దాన్ని పదేపదే చదువుకుంది. ఎక్కడికీ పోకుండా ఉన్న మనిషి అందుబాటులో లేకపోవడం ఏమిటో ఆమెకు అర్థం కాలేదు.

రెండోసారి మోగినప్పుడు నేను ఆమె చేతిలోనే ఉన్నాను. అవతల ఒక ఆడగొంతు. "మేఖల గారేనా అండీ?"

"మళ్ళా మేకలోడేనా? నాకియ్యి, నేను సెప్తా వాని సంగతి," అంది వెనకనుంచి ఓబులమ్మ.

సుభాషిణి నవ్వుతూ పెట్టేయబోయింది. "బోణీలో మీ వివరాలు చూసి చేస్తున్నామండీ. విశాఖపట్నం దగ్గర మందుల కంపెనీ మాది," అంది ఆ గొంతు. ఆమె బొటనవేలు నా అద్దం మీద గాలిలోనే ఆగిపోయింది. నవ్వు ఉన్నది ఉన్నట్టే ముఖం మీద ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారాయి.

"ఔ మేడమ్. నేనే," అంది.

ఆ ఫోను అయ్యాక ఇంటి వెనక్కి పోయి డెయిరీకి చేసింది. అప్పటికే వేరే ఎవరో చేరిపోయారట. తరవాత యామినికి చేసింది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు. జరిగిందంతా చెప్పి, "మేడమ్, మొదటి పేరంటే మీ లెక్కలో ఏంది?" అని అడిగింది.

అవతల యామిని కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, ఆమె కిరీటిని పిలవడం వినబడ్డాయి.

తరవాత తెలిసింది, ఆ ఆఫీసులో ఆ రోజు ఎవరూ భోజనానికి లేవలేదట. వెతికి చూస్తే మొదటి పేరు దగ్గర ఇంటిపేర్లు బారులు తీరి ఉన్నాయట. "బండేనా అండీ?" అని కంపెనీ వాళ్ళు అడిగితే, "కాదండీ, బస్సులోనే వస్తాను," అని వినయంగా చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్న బండి ఇంటిపేరువాడు ఒకడున్నాడు. 'సొంత పేరు' అని మారుద్దామన్నాడు కిరీటి. "అయితే ఇంటిపేరు పరాయిదా?" అందట యామిని. చివరికి ఆ రెండు పెట్టెలూ తీసేసి, మనిషి ఎదురుగా ఉంటే అడిగినట్టే ఒక మాట అడుగుదామని తేల్చుకున్నారు. 'మిమ్మల్ని ఏమని పిలవమంటారు?'

మందుల కంపెనీ వాళ్ళు వీడియోలో ఇంటర్వ్యూ చేశారు. మిగిలిన ప్రాణమంతా బిగబట్టుకుని నేను ఆరిపోకుండా నిలబడ్డాను. ఉద్యోగం వచ్చింది. ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం చేస్తే గాని చేరలేని చోట.

ఆమె బయల్దేరే ముందురోజు యామిని వాళ్ళింటికి వచ్చింది, నన్ను తిరిగి తీసుకుపోవడానికి. అది పైకి చెప్పిన కారణం. ఓబులమ్మ చాప పరిచి, శనక్కాయలు ఉడికించి పెట్టింది.

"తిను మేడమ్. మా బుడ్డమ్మికి ఉద్యోగం తెచ్చిచ్చినావు." గిన్నె ఆమె ముందుకు జరిపి అంది. "ఒగ మాట అడుగుతా. ఆ డైరీ వాళ్ళు ఎందుకు ఫోన్ చెయ్యలేదో మీకేమన్నా తెలుసునా? నేను పొద్దంతా దీన్ని కొంగుకు కట్టుకోని కూసుంటి మేడమ్. ఒగ నిమిషం ఇడిసిపెట్టలే. అదే వచ్చింటే ఈ పిల్ల నా కండ్ల ముందరే ఉండు."

యామిని నోరు తెరిచింది. సుభాషిణి ఆమె వైపు చూసింది. అది బతిమాలడమో ఆజ్ఞాపించడమో నాకు తెలియలేదు.

"వాళ్ళు చెయ్యనే లేదు మా," అంది సుభాషిణి, శనక్కాయ వలుస్తూ. "వాళ్ళకు ముందే వేరే పిల్ల దొరికింది. నువ్వెంతసేపు కూసున్నా వచ్చేది కాదు."

"నిజమేనా మేడమ్?"

"నిజమేనమ్మా," అంది యామిని.

ఓబులమ్మ హమ్మయ్య అన్నట్టు వెనక్కి వాలింది. "అట్లయితే సరే. నేనేమన్నా తప్పు చేస్తినేమో అని నిద్ర పట్టట్లేదు."

నేను చాలా అబద్ధాలు మోశాను. ఆఫీసుకు ఆలస్యమైనవాళ్ళవి, బాకీ ఎగ్గొట్టినవాళ్ళవి, ప్రేమలో ఉన్నవాళ్ళవి. ఒక తల్లి ఇక ముందు ఒంటరిగా పడుకోబోయే రాత్రులన్నిటికీ సరిపడా ఉండేలా, ఇరవై ఏళ్ళ పిల్ల శనక్కాయ వలుస్తూ చెప్పిన అబద్ధం లాంటిది మళ్ళీ వినలేదు. కొండలు దాటే సంకేతాల కంటే అదే నాకు పెద్ద వింత.

వెళ్ళేముందు యామిని కొత్తగా మార్చిన బోణీని నా మీద ఆమెకు చూపించింది. 'మిమ్మల్ని ఏమని పిలవమంటారు?' సుభాషిణి చాలాసేపు చూసింది. మెల్లగా బుడ్డమ్మి అని కొట్టింది. ఫక్కున నవ్వి, తుడిచేసి, సుభాషిణి అని కొట్టింది. తరవాత నన్ను యామిని సంచీలో పెట్టింది. సంచీ జిప్పు మూసుకుపోయేటప్పుడు సుభాషిణి కళ్ళు కనబడ్డాయి, అంతే.

ఇప్పుడు సొరుగులోంచి నన్ను తీసేది ఒక్క పనికే. డిగ్రీ ముగించిన పిల్లలను పిలిపించి, నన్ను వాళ్ళ చేతికిచ్చి, ఎక్కడ తడబడతారో యామిని పక్కన కూర్చుని చూస్తుంది. దాదాపు అందరూ ఆ ప్రశ్న దగ్గరే ఆగుతారు. ఇంతవరకూ వాళ్ళను ఎవరూ ఆ మాట అడగలేదని నాకనిపిస్తుంది. యామిని కాగితం మీద ఏదో రాసుకుంటుండగా చుట్టూ ఒకసారి చూసి, ముందు ఇంట్లో పిలిచే పేరు కొడతారు. చూసుకుంటారు. సిగ్గుపడతారు. తుడిచేసి సర్టిఫికెట్‌లో పేరు రాస్తారు. కంపెనీలకు చేరేది ఆ రెండో పేరే. మొదట కొట్టిన పేరు నా అద్దం మీద పుట్టి అక్కడే పోతుంది. యామినికి కూడా తెలియదు. చిట్టి, పెద్దోడు, బంగారి, సన్నాయి. ఎవరి గొంతులో పుట్టిన పేర్లో అవి!

మొన్న ఒక కుర్రాడు వచ్చాడు. తల గుమ్మానికి తగిలేంత పొడుగు, మెడకు టై, మొదటి ఉద్యోగం కోసం కొత్తగా కుట్టించుకున్న చొక్కా. నన్ను రెండు చేతులతో పట్టుకుని పిచ్చుక అని కొట్టాడు. పక్కకు తిరిగి, యామిని చూడలేదని తేల్చుకున్నాడు. తరవాత ఒక్కొక్క అక్షరమే వెనక్కి తుడుచుకుంటూ వచ్చాడు. చివరికి 'పి' ఒక్కటే మిగిలింది. దాన్ని తుడవబోయి వేలు నా అద్దం మీదే ఆగింది. చాలాసేపు ఆగింది. ఆ వేలు ఎంత వెచ్చగా ఉందో!