గంగుబాయి మూసిన బొరియ

ఇచ్చోడ దాటాక గంగుబాయికి ఉన్నదల్లా కాస్త పత్తి చేను, దాని పక్కన నాగలి దిగని రాళ్ల బీడు. ఆ బీడులో ఏటేటా ఒక గుంటనక్కల జంట నాలుగైదు నోళ్ల బొరియ తవ్వుకుని పిల్లలను పెట్టేది. నక్క అనగానే జిత్తులమారి అనేస్తారు జనం. పిల్లికంటే కాస్త పెద్దదైన ఆ జీవి చేసే జిత్తులేమిటో! ఎలుకల్నీ, చెదల్నీ తింటుంది, రేగుపండ్లు ఏరుకుంటుంది. ఆడది పిల్లల దగ్గరుంటే మగది ఎలుకను నోట కరుచుకుని ఇంటికి తెస్తుంది. గంగుబాయి మొగుడు బతికుండగా సంతకు పోయి ఏనాడూ చేతిలో సంచీతో తిరిగి రాలేదు. అందుకే సాయంత్రాలు గట్టుమీద కూర్చుని ఆ సంసారాన్ని అపురూపంగా చూసేది.

ఆమె భయమంతా పక్క చేను హనుమంతు కుక్కలతోనే. శనగ చేలో అడవిపందులు పడకుండా అతను మూడింటిని పెంచాడు.

"తమ్మీ, జర కుక్కల కట్టేయరాదు? బీడుల నక్క పిల్లలున్నయి."

"కట్టేస్తే పందులూకుంటయా అక్కా? నా శనగలు నీ నక్కలిస్తయా?" అని నవ్వాడు హనుమంతు.

ఆ నవ్వుకు ఆమెకు ఒళ్లు మండింది. బొరియకు ఇన్ని నోళ్లుంటే కుక్కలు ఎటునుంచైనా దూరుతాయనుకుంది. పగలంతా ఎండలో రాళ్లు మోసి, రేగుకంప కుక్కి, తల్లి రాకపోకలకు ఒక్కటి వదిలి మిగతావన్నీ మూసేసింది. ఇక వాటికి ఫికరు లేదని ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయింది.

తెల్లవారి కుక్కల గోలకు ఉరికింది. మూడూ ఆ ఒక్క నోటినే తవ్వేశాయి. రాళ్లు విసిరి తరిమేసరికి పిల్లలన్నీ చచ్చిపడి ఉన్నాయి. తను మూసిన ఒక నోటి దగ్గరి కంపను లాగి చూసింది. లోపలివైపు మట్టినిండా చిన్న చిన్న గోళ్ల గీతలు. కుక్క ఒక నోటి దగ్గర కాచుకుంటే ఇంకో నోటినుంచి పారిపోవడానికే నక్కలు అన్ని నోళ్లు తవ్వుకున్నాయని అప్పుడు తెలిసింది.

హనుమంతు వస్తుంటే ఆ కంపను గబగబా మళ్లీ కుక్కేసింది.

అతను పిల్లలను చూసి తల దించుకున్నాడు. "తప్పైంది అక్కా. నువ్వు జెప్పినా ఇనకపోతి. ఇయ్యాల్టి సంది కుక్కల కట్టేస్త."

అరచేతుల్లో విరిగిన ముళ్లు సలుపుతుంటే గంగుబాయి పిడికిళ్లు బిగించింది.

"గా పాపం నీదే" అంది.

హనుమంతు గుంత తవ్వడానికి పార తెచ్చుకున్నాడు.