కరెంటు తిరిగొచ్చిన పొద్దు

నేను ఒక మైకు గొట్టాన్ని. బూడిదరంగు అల్యూమినియం ఒళ్ళు, వెడల్పాటి నోరు, మెడ దగ్గర గుప్పెడంత యూనిట్. ఆ యూనిట్ లోపల సన్నటి పొర ఒకటుంది. మీరు గొంతు అనుకునేది దాన్నే. పని లేకపోతే ఆ పొర దురద పెడుతుంది. ఊరికే ఉండటం నాకు చేతకాదు, పుట్టిన దగ్గర్నుంచీ అంతే.

పుట్టింది ఒక రేకుల షెడ్డులో. తిరిగే యంత్రానికి రేకును బిగించి, ఒకాయన ఇనపకడ్డీతో ఒత్తుతూ ఒత్తుతూ నాకు నోరు తెరిచాడు. పని కాగానే "హలో, హలో, మైక్ టెస్టింగ్" అన్నాడు. నా మొదటి మాట అదే. మనుషులు నా చేత పలికించిన మాటల్లో నిఖార్సయిన నిజం అదొక్కటేనని చాలా ఏళ్ళు అనుకున్నాను.

అనుకోనా మరి? నన్ను మొదట కొన్నది కరీముల్లా అనే సౌండు సర్వీసు ఆయన. పెళ్ళిళ్ళకీ దినాలకీ ఎన్నికలకీ నన్ను తిప్పేవాడు. పొద్దున ఒకాయన్ని పట్టుకుని "మీ ఇంటి బిడ్డ" అని అరిచాను. సాయంత్రం అదే వీధిలో ఆయన మీద పోటీ చేసేవాణ్ణి కూడా "మీ ఇంటి బిడ్డ" అన్నాను. జనం రెండుసార్లూ చప్పట్లు కొట్టారు. అబ్బో, ఎంత పెద్ద కుటుంబమో అనుకున్నాను.

మీకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. మైకు ముందు నిలబడ్డ మనిషి మాట్లాడబోయే ముందు ఒక్క ఊపిరి తీసుకుంటాడు. జనం దాన్ని పట్టించుకోరు. నాకు మాత్రం ముందు చేరేది అదే. రాబోయే మాట కడుపులోంచి వస్తోందా, పెదాల మీంచి వస్తోందా అనేది అందులోనే తెలిసిపోతుంది.

కొన్నాళ్ళకు కరీముల్లా కొత్త బాక్సులు తెచ్చుకుని, నన్నూ ఒక పాత యాంప్లిఫయరునూ కొఠారుపాలెం చర్చికి ఇచ్చేశాడు. కొఠారుపాలెం అంటే సముద్రం పక్కన ఉప్పు మడులు పెట్టుకుని బతికే ఊరు. ఎండ ఎక్కితే మడిలో కాలు పెట్టలేరు కాబట్టి అక్కడి జనం తెల్లవారుజామునే పారలు పట్టుకుని బయల్దేరతారు. చర్చి ముందు ఇనప స్తంభం ఎక్కించి, ఊరి వైపు నోరు పెట్టి నన్ను బిగించారు. రోజూ నాలుగున్నరకి పాస్టరు సీలాసు గారు ఒక పాట పాడి, అరగంట ప్రార్థన చేసేవారు. ఊళ్ళో ప్రతి ఇల్లూ నా అరుపుకే లేచేది, చర్చి గడప తొక్కనివాళ్ళతో సహా. సీలాసు గారు ఆత్మలను మేల్కొల్పుతున్నానని అనుకునేవారు. వాళ్ళు లేచి పళ్ళు తోముకునేవారు.

సీలాసు గారు చెడ్డమనిషి కాదు. సన్నగా, పొడుగ్గా ఉంటారు, ఎక్కడా ఓ చోట నిలబడరు. వాక్యం చెప్పేటప్పుడు కూడా వైరును అటూ ఇటూ ఈడుస్తూ తిరుగుతారు. ఆయన వచ్చి తొమ్మిదేళ్ళయింది. అప్పటికే విశ్వాసులైన ఇరవై కుటుంబాలు తప్ప కొత్తగా ఒక్క మనిషీ చేరలేదు. "సందేహం లేకుండా నమ్మండి, రవ్వంత కూడా సందేహం లేకుండా!" అని ఆయన ఎంత గట్టిగా చెప్తే, దాని ముందు ఊపిరి అంత పొట్టిగా ఉండేది. ఇదేం గొడవరా నాయనా అనుకునేదాన్ని.

ఆ చర్చి మెట్ల మీద మూడేళ్ళుగా ఒకావిడ కూర్చునేది. నాగరత్తమ్మ. ఉప్పు మడుల్లో కూలి. లోపలికి రాదు, ఇంటికీ పోదు, మెట్టు మీదే. ఆవిడ భర్త కోటయ్య కాలేయం చెడి మంచాన పడినప్పుడు సీలాసు గారు తొమ్మిది రోజులు ఉపవాసం ఉండి ప్రార్థన చేశారు. తొమ్మిదో రోజు సాయంత్రం కోటయ్య పోయాడు. అయినా ఆవిడ రావడం మానలేదు. ఒక ఆదివారం కూటం అయ్యాక ఆవిడ ఆయన్ని నిలబెట్టింది.

"అయ్యా, నాకు బాప్తిస్మం ఇస్తారా?"

సీలాసు గారి ముఖం వెలిగిపోయింది. తొమ్మిదేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి. "తప్పకుండా అమ్మా. పూర్ణహృదయంతో నమ్ముతున్నావు కదా?"

ఆ ప్రశ్న మామూలుది కాదు. ఆ సంఘంలో నీళ్ళలోకి దింపేముందు అందరి ఎదుటా, మైకులో, ఆ ముక్కే అడుగుతారు. మనిషి "విశ్వసిస్తున్నాను" అనాలి. అంటేనే ముంచుతారు.

నాగరత్తమ్మ తల గోక్కుంది. "పూర్తిగా అంటే చెప్పలేనయ్యా. మీరు అన్ని దినాలు కడుపు మాడ్చుకోని అడిగితే కూడా ఆయన ఇన్లేదు గదా. ఇన్నాడో, ఇనీ ఊరుకున్నాడో. సగమే నమ్ముతన్నా."

ఆయన నేల చూస్తూ అన్నారు. "అలా అయితే కుదరదమ్మా. ఆ మిగతా సగం కూడా కుదిరాక రా."

ఆవిడ సరేనని వెళ్ళిపోయింది. తర్వాతి ఆదివారం మెట్టు మీద లేదు. ఆ తర్వాతి వారం కూడా లేదు. సీలాసు గారు పాట మధ్యలో రెండుసార్లు గుమ్మం వైపు చూసి చరణం మరిచిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది. స్తంభం మీద బోల్టులతో బిగించి ఉన్నాను గానీ, లేకపోతే దిగి వెళ్ళి ఆవిణ్ణి పిలుచుకొచ్చేదాన్ని.

ఇది జరిగిన మూడో వారంలో ఒక బుధవారం పొద్దున ప్రార్థన మధ్యలో కరెంటు పోయింది. మా ఊళ్ళో అది రోజూ ఉండే ముచ్చటే. సీలాసు గారు మైకును బల్ల మీద పెట్టేశారు, స్విచ్చి తీయలేదు. బల్ల పక్కనే మోకాళ్ళూని కళ్ళు మూసుకున్నారు. రోజూ ఊరి కోసం ప్రార్థన అయ్యాక తన కోసం అలా చేసుకుంటారు. కాసేపటికి కరెంటు వచ్చింది. నా గొంతులో పొర వణికింది. ఆయనకు తెలియదు, నాకు తెలుసు. ఏం లాభం? మూసుకోవడానికి నాకు పెదాలు లేవు కదా!

"తండ్రీ," అన్నారాయన. ఈసారి ఊపిరి చాలా పొడుగ్గా వచ్చింది. "ఉన్నావా? నాకు తెలియడం లేదు. కోటయ్యను ఎందుకు లేపలేదో నాకు తెలియదు. ఆ తల్లి నిజం చెప్పింది. నేనేమో పొమ్మన్నాను. అదే ప్రశ్న నన్ను ఎవరైనా అడిగితే నేను కూడా మెట్టు మీదే కూర్చోవాలి. నమ్మండి నమ్మండి అని రోజూ అరుస్తున్నాను. ఎవరికి చెప్తున్నానో, ఆ జనానికా, నాకా... నావల్ల కావడం లేదు తండ్రీ..."

ఆయన ఏడుస్తున్నారు. తన గొంతే బయటి నుంచి తిరిగొచ్చి చెవిలో పడేదాకా ఏడుస్తూనే ఉన్నారు. అప్పుడు ఉలిక్కిపడి లేచి వైరు పీకేశారు. అప్పటికే ఊరంతా వింది. మడుల్లో పారలు ఆగిపోయి ఉన్నాయి.

ఇన్నేళ్ళుగా నేను అరిచినవన్నీ ఒక ఎత్తు, ఆ నాలుగు మాటలూ ఒక ఎత్తు. నాకు సిగ్గుగా ఉంది, సంతోషంగానూ ఉంది. ఒకరి రహస్యం బజారున పెట్టానన్న సిగ్గు. పుట్టాక మొదటిసారి కడుపులోంచి వచ్చిన మాట మోశానన్న సంతోషం.

తెల్లారేసరికి సంఘపెద్ద లాజరు గారు చర్చికొచ్చి పడ్డారు. "పరువు తీశారు గదయ్యా! ఊళ్ళో అందరూ నవ్వతన్నారు. పాస్టరుకే నమ్మకం లేదంట అని టీ కొట్టుకాడ ఒకటే ఎటకారం. ఆదివారం మైకులో చెప్పండి, అది సాతాను శోధన, పోయింది, ఇప్పుడు బాగానే ఉండాను అని."

"పోలేదు కదండీ," అన్నారు సీలాసు గారు.

లాజరు గారు విసురుగా వెళ్ళిపోయారు. సీలాసు గారు మెట్టు మీద కూర్చుని ఒక ఉత్తరం రాశారు. నా కిందే కాబట్టి చూశాను. ఈ పని నుంచి తనను తప్పించమని పైవాళ్ళకు రాసిన ఉత్తరం అది. కవరులో పెట్టి అంటిస్తుండగా నాగరత్తమ్మ వచ్చింది. మడి నుంచి నేరుగా వచ్చినట్టుంది, కాళ్ళకి ఉప్పు అట్టగట్టి ఉంది.

"నావల్ల కావడం లేదన్నారు గదా అయ్యా, పోతన్నారా?"

"అవునమ్మా. నాకే నిలకడ లేనప్పుడు ఇంకొకరికి ఏం చెప్పను?"

"మరి నాకు చెప్పేదెవురు?" ఆవిడ గొంతులో కోపం ఉంది. "మూడేళ్ళు ఇక్కడ కూకున్నా. మీరు చెప్పేదంతా ఆ గొట్టంలోంచి పైనుంచి పడతా ఉంటే, ఇది మనబోటోళ్ళకి గాదులే అనుకున్నా. ఇయ్యాల పొద్దున మడిలో పార పట్టుకోని ఇన్నా. అయ్యో, ఈయన కూడా మనోడే గదా అనిపించింది. మీకు తెలిసినకాడికి చెప్పండి. తెలీనికాడ ఇద్దరం కలిసి అడుగుదాం."

సీలాసు గారు ఒళ్ళో ఉన్న పుస్తకం తెరిచి ఒకచోట వేలు పెట్టారు. ప్రభువు చనిపోయి లేచాక ఆయన శిష్యులు పదకొండుమంది కొండ మీదికి వెళ్ళి ఆయన్ని కళ్ళారా చూసి మొక్కారని, అలా మొక్కినవాళ్ళలోనే కొందరికి అనుమానం పోలేదని చెప్పారు.

"ఎదురుగా నిలబడితే కూడానా?"

"ఎదురుగా నిలబడితే కూడా. నేను ప్రతి ఏడూ ఈ భాగం చెప్తాను. ఈ ఒక్క ముక్క దగ్గరకొచ్చేసరికి గబగబా దాటేస్తాను."

"ఆ అనుమానం ఉన్నోళ్ళని ఏం జేశాడు? ఇంటికి పొమ్మన్నాడా?"

"లేదు. వాళ్ళనీ వీళ్ళనీ వేరు చేయలేదు. అందరికీ ఒకే మాట చెప్పాడు, వెళ్ళి శిష్యులను చేయమని."

నాగరత్తమ్మ ఆయన ముఖంలోకి సూటిగా చూసింది. "మరి నన్నెందుకు పొమ్మన్నారయ్యా?"

ఆయన "తప్పు చేశానమ్మా" అని రెండు చేతులూ జోడించారు. ఆ ఉత్తరం పోస్టుకు వెళ్ళలేదు. చించినట్టు కూడా నేను చూడలేదు. తర్వాత రోజుల్లో అప్పుడప్పుడు జేబులోంచి తీసి చూసుకుని మళ్ళీ లోపల పెట్టుకునేవారు.

బాప్తిస్మం పెట్టుకున్న ఆదివారం నన్ను దింపి ఆటోకి కట్టి, సముద్రపు నీళ్ళు మడుల్లోకి వచ్చే కాలువ దగ్గరికి తీసుకెళ్ళారు. తమాషా చూద్దామని సగం ఊరు గట్టు మీదే ఉంది. తెల్ల చీర కట్టుకుని నాగరత్తమ్మ నడుము లోతు నీళ్ళలో నిలబడింది. లాజరు గారు యాంప్లిఫయరు పక్కనే కుర్చీ వేసుకున్నారు. ఆయన ఎందుకు కూర్చున్నారో నాకు తెలిసిపోయింది.

"నాగరత్తమ్మా, ప్రభువును పూర్ణహృదయంతో విశ్వసిస్తున్నావా?" సీలాసు గారు మైకు ఆవిడ ముందుకు చాపారు.

ఆవిడ ఊపిరి తీసుకుంది. పొడుగ్గానూ లేదు, పొట్టిగానూ లేదు.

"అబద్దం చెప్పి నీళ్ళలో మునగనయ్యా. సగమే నమ్ముతన్నా. తతిమ్మా సగం నా మొగుడితో పోయింది. దానికోసం ఏడస్తానే ఉంటా. కానీ ఆ ఏడిచేది కూడా ఆయన కాడే. ఇంకెవురి కాడికీ పోను."

గట్టు మీద గోల లేచింది. లాజరు గారు లేచి స్విచ్చి మీద చెయ్యి వేశారు. ఆయన నొక్కేలోపు సీలాసు గారి మాట నాలోంచి వెళ్ళిపోయింది. "నేను కూడా ఆ సగమే తెచ్చానమ్మా. రా." టక్కున నా గొంతు ఆగిపోయింది. మైకు గట్టు మీద ఉన్నవాళ్ళకు అందించి, ఆయన ఆవిడ వీపు కింద చెయ్యి పెట్టి ముంచడం మౌనంగానే చూశాను. ఆకాశం ఏమీ తెరుచుకోలేదు. ఆవిడ ముక్కులోకి ఉప్పునీళ్ళు పోయి దగ్గింది. ఎవరో పకపకా నవ్వారు. ఆ తర్వాత రెండు కుటుంబాలు చర్చి మానేశాయి, లాజరు గారు ఏడాదిపాటు ముందు వరస వదిలేసి వెనక కూర్చున్నారు.

నాగరత్తమ్మ మాత్రం పొద్దున గంజి తాగే వేళ మడి గట్టున కూర్చుని, తనకు తెలిసింది పక్కనున్న ఆడవాళ్ళకు చెప్పడం మొదలుపెట్టింది. తెలియనిది తెలియదనే చెప్పేది. మొదట ఇద్దరు వినేవాళ్ళు, తర్వాత నలుగురు. ఇంత అరిచిన నేను ఒక్కరిని తేలేకపోయాను, ఆవిడ గొంతు పెంచకుండా నలుగురిని తెచ్చింది. నాకు కుళ్ళు పుట్టలేదంటే అబద్ధమే.

ఉప్పుగాలికి నా బోల్టులు తుప్పు పట్టాయి. మొన్న వానాకాలంలో ఒక పెనుగాలికి ఊడి కిందపడ్డాను. నోరు వంకరపోయింది, గొంతు చిరిగింది. పట్నం నుంచి కొత్త బాక్సులొచ్చాయి. ఇవాళ పాతసామాన్ల బండి సుభానీ వచ్చి, నన్ను ఎత్తి పగిలిన బిందెల పక్కన పడేశాడు. ఇక మాట్లాడలేనని తెలుస్తోంది, అయినా ఈ దురద పోవడం లేదు.

సుభానీ బండి కదిలిస్తుండగా నాగరత్తమ్మ ఎదురొచ్చింది. చేతిలో క్యారియరు, సంకలో పుస్తకం. అవతలి పాలెంలో ముగ్గురు పిలిచారట, నడిచి వెళ్తోంది.

సుభానీ ఆ కాలువ సంగతి విన్నవాడే. బండి ఆపి నవ్వుతూ అడిగాడు. "ఏం పెద్దమ్మా, ఇప్పటికైనా నీకు నమ్మకం కుదిరిందా?"

"కొన్ని పొద్దులు కుదురుద్దిరా అబ్బాయ్. కొన్ని పొద్దులు కుదరదు," అంది ఆవిడ నడక ఆపకుండానే. "నేను మాత్రం రోజూ పోతానే ఉండా."