నీలం బిళ్ళల వంతు

మా ఆయన ఎల్లారావు పోయి ఈ గురువారానికి ఏడాది. సంవత్సరీకానికి ఇల్లు కడగాలి. ముందుగదిలో బల్ల మీద ఆయన సగంలో వదిలేసిన ఆట అలాగే ఉంది. దాని మీద పాత చీర కప్పి ఉంచాను. రోజూ చీర తీసి, బిళ్ళలు కదలకుండా దుమ్ము ఊది, మళ్ళీ కప్పేదాన్ని. దేవుడి దగ్గర దీపం కూడా రోజూ పెట్టాను. రెండు చోట్లా నాకు ఏమీ అనిపించలేదు.

ఆయన పోర్టులో క్రేన్ నడిపేవారు. ఎప్పుడో ఓడ మీద వచ్చిన ఒక విదేశీయుడు ఆ ఆట పెట్టె ఇచ్చాడట. ఎడారిలో యుద్ధం ఆట. ఇసుకరంగు పటం నిండా ఆరు మూలల గళ్ళు. ఒకరిది నీలం సైన్యం, ఇంకొకరిది గోధుమరంగు సైన్యం. వన్ టౌన్‌లో గడియారాలు బాగుచేసే నజీర్ అహ్మద్ గారూ ఆయనా ఇరవై ఏళ్ళు ప్రతి ఆదివారం ఆడారు. ఒకరినొకరు బావ అనుకునేవారు. అందుకే నాకు నజీర్ గారు అన్నయ్య.

"ముగించకుండా ఎత్తేస్తే నాకు మనసొప్పదు చెల్లెమ్మా. నేర్పుతాను, బావ వైపు మీరాడండి" అని ఆదివారం మధ్యాహ్నం వచ్చారు.

తగరపువలస నుంచి నా కూతురు హిమబిందు కూడా వచ్చింది. తనకీ ఈ ఆట తెలియదు.

"నాన్న గెలుత్తన్నాడా ఓడిపోతన్నాడా, ముందది సెప్పు మావయ్యా" అంది.

"గెలుత్తన్నాడు. ఎప్పుడూ అంతే. ఇరవై ఏళ్ళలో నాను గెలిచింది తొమ్మిదిసార్లు. అందులో నాలుగుసార్లు మీ నాన్నకి జొరం."

అన్నయ్య ఒక్కో బిళ్ళా చూపించారు. ట్యాంకు మూడు గళ్ళు నడుస్తుంది, కాలిబలం ఒక్కటే. పాచికలో ఐదో ఆరో పడితే దెబ్బ తగిలినట్టు. నేను పాచిక తీసి కళ్ళకద్దుకున్నాను.

"అది ప్రసాదం కాదు చెల్లెమ్మా."

"చేతిలోకి వచ్చింది కదా అన్నయ్యా."

హిమబిందు నవ్వింది. ఆయన పటం మీద ఒక నీలిచుక్క చూపించారు. "ఇది బావి. ఇక్కడ తుపాకీ కన్నా నీళ్ళు పెద్దవి. వంతు అయ్యేసరికి నీళ్ళందని బిళ్ళని తిరగేస్తాం. రెండో వంతుకీ అందకపోతే తీసేస్తాం."

అన్నయ్యవి మూడు గోధుమరంగు బిళ్ళలు తిరగేసి, బావి పక్క గడిలో ఉన్నాయి. మా ట్యాంకు రెండు గళ్ళ దూరంలో ఉంది. వంతు మాది.

"బావి మీద పెట్టీయమ్మా. అయిపోద్ది" అంది హిమబిందు.

ట్యాంకు మీద వేలు పెట్టాను. "ఒక్కో బిళ్ళ ఎంతమంది అన్నయ్యా?"

"వెయ్యిమంది అనుకోండి."

ఉగాది నుంచి వానలు పడేదాకా మల్కాపురంలో మా గుమ్మం ముందు చలివేంద్రం ఉంటుంది. మా అత్తగారు గంగాలమ్మ మొక్కు అది. రిఫైనరీ పనివాళ్ళు, లారీవాళ్ళు తాగుతారు. తాగేవాడు ఎవడని అడక్కూడదు, మనిషి ఎదురుగా ఉండగా కుండకి మూత పెట్టకూడదు అనేది ఆవిడ. ట్యాంకుని ఒక గడి వెనక్కి జరిపాను.

"ఏటి సేత్తన్నావమ్మా? అవి అట్టముక్కలు."

"తెలుసు."

"నాన్న ఆఖరాటే. నువ్వే ఓడించెత్తావా?"

మా ఆయన మీద ప్రేమతోనో, దేవుడి మీద భయంతోనో చేశానని చెప్పలేను. చెయ్యి దానంతటది జరిగింది.

"కొత్తవాళ్ళకి ఒకసారి మన్నింపు ఉంటాది. వెనక్కి తీసుకోవచ్చు" అన్నారు నజీర్ అన్నయ్య.

"వద్దన్నయ్యా."

గోధుమరంగు బిళ్ళలు బావి దగ్గరికి చేరాయి, తిరిగి నిలబడ్డాయి. నాలుగు వంతుల్లో నీలం సైన్యం ఓడిపోయింది. హిమబిందు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది.

బిళ్ళలు పెట్టెలో సర్దుతూ అన్నయ్య అన్నారు: "ఆ ఆదివారం కూడా ఇదే వంతమ్మా. బావ గంటసేపు ఈ ట్యాంకు వైపే చూసి కూర్చున్నాడు. ఎత్తు వెయ్యలేదు. వొచ్చే వారం చూద్దాం అన్నాడు. మంగళవారం పోయాడు."

"ఎందుకు వెయ్యలేదు?" హిమబిందు వెనక్కి తిరిగింది.

"నాకేటి తెలుసు తల్లీ. గెలిస్తే ఆట అయిపోద్దని అనుకున్నాడేమో. ఒంట్లో బాగాలేదేమో."

ఒంట్లో బాగాలేకపోతే నాకెందుకు చెప్పలేదు? ఆ రోజు రెండుసార్లు టీ ఇచ్చాను, ఆయన ముఖం చూడలేదు. దేవుణ్ణి అడిగితే చెబుతాడా? కోపంతో కాదు, తెలుసుకుందామనే అనుకున్నాను. కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి.

హిమబిందు వచ్చి పటం ఒక అంచు పట్టుకుంది. రెండో అంచు నేను పట్టుకున్నాను. మడత పెట్టాం.

"పెట్టె నాను పట్టుకెళ్ళనా, ఇక్కడే ఉంచనా?" అన్నారాయన.

"ఉంచండి. గురువారం అయ్యాక రండి, మొదట్నుంచీ నేర్పండి. సగంలోంచి నేర్చుకుంటే నాకు సరిగ్గా అర్థం కాలేదు."

"మూడో మనిషి ఆడొచ్చా మావయ్యా?" అంది హిమబిందు.

"ఆట రూల్సు పుస్తకంలో లేదు. చూద్దాం" అన్నారాయన.