వాల్వులో చిక్కిన మాటలు

పొద్దున్నే షెడ్డు తలుపు ఎత్తగానే మేస్త్రి చేసే మొదటి పని లోకాన్ని ఏవగించుకోవడం. పానా పట్టడం ఆ తర్వాతే. అంతటి మెకానిక్కు ఇంతవరకూ పుట్టలేదు, ఇకమీదా పుట్టడు. వీధి మలుపులో బండి దగ్గితే చాలు, చేతిలో టీ గ్లాసు దించకుండానే రోగం చెప్పేసేవాడు. ఓసారి చచ్చిన లారీని ఒట్టి తిట్లతో లేపి నిలబెట్టాడు. పక్క షెడ్లవాళ్ళు ఆయన దృష్టిలో నట్లు తిప్పే గాడిదలు. బండ్ల యజమానులకి ఆపాటి హోదా కూడా లేదు.

ఆయన చెల్లెలు పాత టాక్సీ నడుపుతుంది. అది హైవే మీద గుర్రంలా పరిగెత్తేది, సిగ్నల్ దగ్గర నిలబెడితే గజగజా వణికి ఆగిపోయేది. ఆమె ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా మేస్త్రి బానెట్ ఎత్తలేదు.

"బండికేం లేదే. క్లచ్చు మీద కాలేసుకుని కాపురం చేస్తున్నావు నువ్వు. నీ కాలికే రోగం!"

సవారీలు తగ్గిపోయాయి. చివరికి బండిని తుక్కు షావుకారుకి ఇచ్చేయడానికి ఒప్పుకుంది. బండి పోతే ఇక ఆమె బతుకు ఆయన కొట్లో ఇనుము తూచడమే. బండి అప్పగించేముందు, షెడ్డులో ఉండిపోయిన జాకీ తీసుకుందామని ఆరోజు ఆమె వస్తే, షావుకారు కూడా వెనక సీట్లోంచి దర్జాగా దిగాడు.

"బాధపడకండి మేస్త్రిగారూ," అన్నాడాయన పళ్ళు కుట్టుకుంటూ. "ఇంజనే పోయింది. మీకు మాత్రం ఏం చేతనవుతుంది?"

అదే ఆయన చేసిన తప్పు.

"చేతకాదా? నాకా?" మేస్త్రి లేచిన ఊపుకి స్టూలు రోడ్డు మీద పడింది. "ఒరే తుక్కు మొహమా, చూడు!"

ఇంజన్ వదిలిన పొగలో కాస్త మళ్ళీ దానిచేతే మింగించే వాల్వు ఒకటుంటుంది. బండి పరుగులో ఉన్నప్పుడు తెరుచుకోవాలి, నిలబడితే మూసుకోవాలి. మూసుకోకపోతే ఇంజన్ తన పొగతో తనే ఉక్కిరిబిక్కిరవుతుంది. మేస్త్రి బానెట్ ఎత్తి, ఇంజన్ ఆడుతుండగానే ఆ వాల్వుని తెరిపించే రబ్బరు గొట్టం పీకి వేలితో మూశాడు. ఇంజన్ వణుకు తగ్గలేదు.

"గొట్టం పాపం కాదు. వాల్వే నోరు తెరుచుకు పడుంది!"

విప్పి గీకడం మొదలుపెట్టాడు. మసి మాట్లాడింది. ఆ ఊళ్ళో ఏ వాల్వు మసైనా అంతే, బండిలో అన్న మాటలు పొగతోపాటు చేరి గట్టిపడతాయి. టీ కొట్టువాడు విసుక్కుని రేడియో గొంతు పెంచాడు.

పైపొరలో షావుకారు గొంతు, పోయిన వారం బండి నడిపి చూస్తానని తీసుకెళ్ళినప్పుడు తన కొట్టు కుర్రాడితో అన్నది: "ఇంజన్ వజ్రంరా. ఒక్క వాల్వుకే మసి పట్టింది. గీకి మారు బేరానికి పెడదాం. వాళ్ళన్న మేస్త్రి సంగతా? గొప్పలు కొట్టుకోడానికే పొద్దు చాలదు, వాడు బానెట్ ఎప్పుడెత్తుతాడు?"

షావుకారు తువ్వాలు సర్దుకున్నాడు. మేస్త్రి నోట్లో తిట్ల వరద పొంగింది.

"ఆయన్ని తర్వాత తిడుదువుగాని. ముందు గీకు," అంది చెల్లెలు.

కింది పొరలో ఆమె గొంతే. "మహా మేస్త్రట! నాలుక తిరిగినట్టు పానా తిరిగితే ఎంత బావుణ్ణు! ఒట్టి డబ్బా!" ఆమె తల దించుకోలేదు. ఇంకా కింద, బతిమాలుకునే గొంతు: "అన్నయ్యా, ఒక్కసారి చూడవూ... ఊహూఁ, ఇలా అడిగితే కసురుతాడు." సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా, ఎలా అడగాలో ఒంటరిగా వల్లెవేసుకున్న మాటలు.

వాల్వుని మూసుకోనివ్వకుండా అడ్డుపడింది అట్టడుగు పెళ్ళ. రాయిలా ఉంది. మేస్త్రి గోటితో పెకలించాడు. బండి కొన్ననాటి చెల్లెలి గొంతు నవ్వుతూ అంది: "మా అన్నయ్య ఉండగా దీనికేం భయం!"

మేస్త్రి వాల్వు కడిగాడు. పొగదారి కూడా తోమాడు. జన్మలో మొదటిసారి, మాట లేకుండా. బిగించి స్టార్ట్ చేస్తే బండి నిలబడ్డచోటే పిల్లిలా గురగురలాడింది.

చెల్లెలు తాళం అందుకుంది. "బేరం లేదు షావుకారుగారూ. ఎక్కండి, కొట్టు దగ్గర దించేస్తాను. మీటరు ప్రకారమే. దారిలో నోరు మాత్రం మెదపకండి."

మేస్త్రి కిటికీ దగ్గర నిలబడ్డాడు. "నన్నేం అనవేమే?"

"అంటాలే," గేరు వేసింది చెల్లెలు. "బండిలో అంటాను."