పడుకోబెట్టిన సీసా

డిస్టిలరీ మూతబడి పద్దెనిమిదేళ్లయింది. ఇప్పుడు కొత్త యజమాని దాన్ని మళ్లీ తెరుస్తానంటున్నాడు. అప్పటి సింగిల్ మాల్ట్ విస్కీ మళ్లీ తయారవ్వాలంటే దాని రుచి ఎరిగిన ముక్కు కావాలి. అది ఆమె భర్తది. ఏ పీపాలో సరుకు పండిందో, ఏది పండలేదో అక్కడ ముప్పయ్యేళ్లు వాసన చూసి చెప్పిన మనిషి. కిందటి చలికాలం వచ్చిన జ్వరంతో ఆ ముక్కు కాస్తా మొద్దుబారిపోయింది. ఇంట్లో పాలు విరిగాయో లేదో కూడా ఆమే చూసి చెప్పాలి. ఈ సంగతి మూడో మనిషికి తెలియదు.

"పనిలో పడితే వాసన దానంతటదే తెలుస్తుంది. నువ్వు మాత్రం పక్కనుండు," అన్నాడాయన పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

అప్పటి సరుకులో మిగిలింది ఒకే ఒక్క సీసా. పీపాలు చేసే ఆమె తమ్ముడు ఇన్నాళ్లూ కంటికి రెప్పలా దాచి తెచ్చాడు. ఆఫీసు బల్ల మీద బిరడా లాగితే పొడిపొడిగా రాలింది. యజమాని గుడ్డతో వడగట్టి నాలుగు గ్లాసుల్లో పోశాడు.

ఆమె గ్లాసు ఎత్తగానే గుప్పుమంది. తడిసి మూల పడేసిన అట్టపెట్టె కంపు.

భర్త కళ్లు మూసుకుని ఒక గుక్క తాగాడు. "పొగ. తర్వాత ఆపిల్ తొక్క. చివర్న కాస్త ఉప్పు. అదే ఇది, ఏం మారలేదు!"

యజమాని గబగబా రాసుకుంటున్నాడు. తమ్ముడు గ్లాసు దించేశాడు.

"బావా, వేళాకోళమా? బూజు కొడుతోంది కదా!"

"నీ ముక్కుకి రంపప్పొట్టు తప్ప ఏం తెలుసురా! ఇంతకీ సీసా ఎలా పెట్టావ్?"

"ఎలా పెడతాను? పీపాల్లాగే, పడుకోబెట్టి."

"పడుకోబెట్టావా! మందు బిరడాని తినేసి ఉంటుందిరా వెధవా! ఇంకేం మిగుల్తుంది అందులో..."

మాట నోట్లోనే ఆగిపోయింది. పెన్ను కూడా ఆగింది.

"మరి మీకు తెలియలేదా?" అన్నాడు యజమాని మెల్లగా.

భర్త ఆమె వైపు చూశాడు. పెళ్లయ్యాక ఆయన ఆమెను దేనికీ బతిమాలింది లేదు. ఆ చూపు బతిమాలుతోంది.

"అక్కా, నువ్వే చెప్పు. నీకేం వాసనొచ్చింది?" అన్నాడు తమ్ముడు.

తనూ పొగ వాసనే అంటే ఈ పూట గడుస్తుంది. రేపు వరసగా పీపాలు తెచ్చి ఆయన ముందు పెడతారు.

"బూజే," అంది ఆమె.

ఆయన గ్లాసు ముక్కుకి ఆనించుకుని పీలుస్తూనే ఉన్నాడు. యజమాని కుర్చీ జరుపుకుని లేచినా ఆపలేదు.