లారీ నెత్తిన గుడ్డ

పదకొండో నమూనా గుడ్డముక్కను కూడా కొడుకు బల్ల మీంచి విసిరికొట్టేసరికి ఆ తల్లికి తల ప్రాణం తోకకొచ్చింది.

షెడ్డులో ఉన్న లారీ వయసులో ఆవిడకంటే పెద్దది. దాని క్యాబిన్ కప్పు రేకు కాదు. చెక్క పట్టీల చట్రం, దాని మీద పలుచని దూది పరుపు, ఆ పైన నీళ్లు దిగని గుడ్డ. పాత గుడ్డ పీలికలైపోతే, చట్రమంతా కొడుకే కొత్తగా చేశాడు. ఎవరి కిందా కాకుండా సొంతంగా ఒప్పుకున్న మొదటి బండి. "లోపలికి ఒక్క చుక్క దిగినా బండి ఇంకొకడి దగ్గరికి పోతుంది. శుక్రవారం వస్తా" అని సొంతదారు పెద్దాయన చెప్పి వెళ్లినప్పటినుంచీ ఆవిడ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

"కాన్వాసు వెయ్యరాదురా?"

"నానితే కారుతుందమ్మా."

"పోనీ రెక్సిన్?"

"ఎండకి పగులుతుంది."

"అయితే రేకే కొట్టించెయ్."

"రేకు మీద పిడుగు పడుతుందని నిన్న ఏడ్చింది ఎవరు?"

చివరికి రబ్బరు పూత ఉన్న నల్లగుడ్డ ఖాయమైంది. పెద్దాయన అడిగిందీ నలుపే. బకెట్టు మూతికి బిగించి కట్టి, పైన నీళ్లు పోసి, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చూశారు. అడుగున చుక్క లేదు. ఆ గుడ్డ వెడల్పు చాలక రెండు ముక్కలు తెచ్చి, కప్పు మధ్య పట్టీ మీద ఒకదాని అంచు మీద ఇంకొకటి వేసి, వరసగా మేకులు కొట్టడం మొదలుపెట్టాడు.

గురువారం పొద్దున్న సుత్తి చప్పుడు వింటుంటే ఆవిడ గుండెల్లో రాయి పడింది. బకెట్టు మీద కట్టిన గుడ్డకి మేకులెక్కడున్నాయి? మిగిలిన ముక్క తెచ్చి, సీట్లు కుట్టే మేస్త్రి కూర్చునే స్టూలు లాక్కుని, దాని పలుచని చెక్క మీద నాలుగు మేకులు అవతలికి దిగేలా బిగించి, చెంబుతో నీళ్లు పోసింది.

"ఏంటక్కా, నా స్టూలుకి తలంటు పోస్తున్నావా?" అని మేస్త్రి నవ్వాడు.

స్టూలు ఎత్తి అడుగు చూశాక అతని నవ్వు ఆగిపోయింది. ప్రతి మేకు దగ్గరా తడి.

"ఒరేయ్, దిగు!"

"అమ్మా, ఎనభై మేకులు కొట్టాను. ఇప్పుడా చెప్పడం?"

"నాకు మాత్రం ఇప్పుడేగా తట్టింది!"

వాడు దిగి వచ్చి స్టూలు చూశాడు. సుత్తి నేలకేసి కొట్టాడు.

"మేకుల మీద లక్క పూద్దామా?" అన్నాడు మేస్త్రి.

"కుదుపులకి ఊడిపోతుంది బాబాయ్. అతుకు లేకుండా ఒకటే గుడ్డ కావాలి. మేకులు పక్కలకి, అంచు కిందకి పోవాలి."

ఆవిడే గుడ్డల కొట్టుకి ఫోన్ చేసింది. అంత వెడల్పు గుడ్డ ఉందట, కానీ బూడిద రంగే ఉందట. ఇంకేముంది, కొంప మునిగిందనుకుంది. "నలుపే ఉంచరా. వాన రాకపోతే ఆయనకెలా తెలుస్తుంది?" అనేసింది.

కొడుకు ఆవిడకేసి గుర్రుగా చూశాడు. వాడు పెద్దాయనకి ఫోన్ కలిపాడు.

"బూడిద రంగా? మా నాన్న బండి నల్లగుడ్డతోనే తిరిగిందయ్యా!"

"తిరిగింది సరే తాతా. కారేదా, లేదా?"

ఆవిడ చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

"కారేది" అన్నాడు పెద్దాయన. "చిన్నప్పుడు నడిమిన కూర్చునేది నేను. చుక్క చుక్కా నా మెడ మీదే. మా నాన్నకి చెబితే, ఇవతలికి జరుగు అనేవాడు."

"ఆ కారింది నడిమి అతుకే తాతా."

"సరే, బూడిదే వెయ్యి. శుక్రవారం మాత్రం మారదు."

ఫోన్ పెట్టేసి కొడుకు పట్టకారు తీసుకుని మళ్లీ పైకెక్కాడు. కొత్త చెక్క చీలకుండా ఒక్కొక్క మేకూ పీకాలి. ఆవిడ కింద డబ్బా పట్టుకుని నిలబడింది. నలభై దాకా బాగానే వచ్చాయి. ఆ తరువాతిదానికి తల ఊడి, మిగతాది పట్టీలోనే ఉండిపోయింది.

"అమ్మా, ఏమీ అనకు" అన్నాడు పైనుంచి.

ఆవిడ అప్పటికే అనడం మొదలుపెట్టింది.