గణేష్‌బాబు బొటనవేళ్లు

వెంకటదుర్గ మనవడు నెలలు నిండకుండా పుట్టాడు. కేజీ ఆరువందల గ్రాములు. భీమవరం ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పెట్టి, తల్లిపాలు పిండి తెస్తే గొట్టంతో పడతామన్నారు. నాలుగు రోజులైనా కోడలు దేవిశ్రీ పిండిన పాలతో గిన్నె అడుగు తడవలేదు.

"నాకు పాల్లేవత్తయ్యా" అని ఏడ్చేది.

వెంకటదుర్గకు తెలిసిన వైద్యం సొరచేపతో వండే సొరపుట్టు, వెల్లుల్లి కారం. రెండూ పెట్టింది. ఆపైన ఏం చెయ్యాలో తోచలేదు.

నర్సు ఆశాజ్యోతి వచ్చి పరీక్ష చేసింది. "పాలున్నాయండి. బెంగపెట్టుకుంటే దిగవు. వీపు మర్దన చేస్తే దిగుతాయి. మీరు చేస్తారా అమ్మా?"

వెంకటదుర్గ తన చేతులు చూసుకుంది. కీళ్లవాతంతో పిడికిలే బిగవదు.

"నేను చేస్తానండి" అన్నాడు గుమ్మంలోంచి కొడుకు గణేష్‌బాబు. రొయ్యల చెరువు నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచే ఉంది.

"బాలింతల వార్డులో మగాడివి, నువ్వేంట్రా?" అంది తల్లి.

ఆశాజ్యోతి మంచం చుట్టూ కర్టెన్ లాగింది. "గోళ్లు తీసుకుని, సబ్బుతో చేతులు కడుక్కుని రండి."

దేవిశ్రీని కుర్చీలో కూర్చోబెట్టి, మంచం మీది దిండుకు తల ఆనించమంది. రొమ్ముల మీద గోరువెచ్చని గుడ్డ వేసింది. అతని బొటనవేళ్లు రెండూ వెన్నెముకకు అటొకటి ఇటొకటి పెట్టించింది. "ఎముక మీద కాదండి, పక్కన. చిన్న చిన్న సున్నాలు చుట్టుకుంటూ మెడ నుంచి కిందికి రండి."

"నెప్పెడుతోందా?" అన్నాడతను.

"లేదు" అంది దేవిశ్రీ. ఆ రోజంతటిలో ఏడవకుండా అన్న మొదటి మాట అదే.

పక్క మంచం దగ్గర, కూతురికి తోడుగా వచ్చిన రత్తమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వెంకటదుర్గ సిగ్గుతో వరండాలోకి వెళ్లిపోయింది.

అతను మానలేదు. చెరువుకు మేత వేసి వచ్చి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. రెండో రోజు చెంచాడు పాలు దిగాయి. వారం తిరిగేసరికి గిన్నె సగానికి వచ్చింది. ఆ గిన్నె పిల్లాడున్న గది దాకా తీసుకెళ్లే పని వెంకటదుర్గ ఎవరికీ ఇచ్చేది కాదు. చుక్క తొణకనివ్వకుండా, రెండు చేతులా పట్టుకుని నడిచేది.

పద్దెనిమిదో రోజుకు పిల్లాడు కేజీ ఎనిమిదివందలు తూగాడు. ఆశాజ్యోతి తెచ్చి తల్లి రొమ్ముకు అందించింది. వాడు రెండుసార్లు వదిలేసి, మూడోసారి పట్టుకున్నాడు. గుటక పడిన చప్పుడు వినబడి దేవిశ్రీ మొగుడి వంక చూసింది. అతను మొహం తిప్పుకున్నాడు.

కొడుకు పుట్టిన రోజున కూడా వెంకటదుర్గ గుండె ఇంతలా పొంగలేదు.

రత్తమ్మ కూతురికీ పాలు చాలడం లేదు. అల్లుడు సురేష్‌బాబు కర్టెన్ అవతల ఎటూ తేల్చుకోలేక నిలబడ్డాడు. వెంకటదుర్గే వెళ్లి పిలిచింది.

"సిగ్గెందుకు బాబూ? ముందు గోళ్లు తీసుకుని రా. మావాడు నేర్పుతాడు."